రెండు షరతులతో వీలుకప్: మధ్యలో ఒక గీత పెట్టండి

అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లెక్కలు ఎక్సెల్‌లో చూసేవాళ్లకు ఇది పనికొస్తుంది. బ్లాక్, ఫ్లాట్ రెండూ చూస్తేనే ఏ ఇల్లో తెలుస్తుంది. వీలుకప్ (VLOOKUP, టేబుల్‌లో ఒక విలువను వెతికి ఆ వరుసలోని సమాచారం తెచ్చే ఫార్ములా) మాత్రం ఒక్క కాలమ్‌లోనే వెతికి, మొదట దొరికిన వరుస దగ్గరే ఆగిపోతుంది. అందుకే ఏ బ్లాక్‌లోని 12వ ఫ్లాట్ కోసం వెతికినా పైన ఉన్న 12వ ఫ్లాట్ డబ్బులే చూపిస్తుంది.

లుకప్ చేసే షీట్, డబ్బుల లెక్క ఉన్న షీట్ రెండింటిలోనూ కొత్త కాలమ్ వేసి, =A2&"-"&B2 అన్నట్టు రెండింటినీ కలిపేయండి. లుకప్ దాని మీద చేయండి. వెతికే టేబుల్‌లో ఆ కాలమ్ ఎడమ చివరన ఉండాలి, ఫార్ములా చివర సున్నా (సరిగ్గా అదే దొరకాలని చెప్పడానికి) తప్పనిసరి.

మధ్యలో గీత మాత్రం మానొద్దు. అది లేకపోతే 1వ బ్లాక్ 12, 11వ బ్లాక్ 2 రెండూ 112 అయిపోతాయి. నేను ఓసారి ఇలాగే ఒకరు కట్టిన డబ్బు ఇంకొకరి ఖాతాలో చూపించి, కట్టినాయన్నే మళ్లీ అడిగాను. ఆయన ఎంత బాధపడ్డారో!

అన్నీ సరిగ్గా ఉన్నా దొరకట్లేదంటే, చివర కనబడని స్పేస్ ఉందేమో చూడండి, ట్రిమ్ వాడితే పోతుంది. నెల కూడా కలపాలంటే తేదీని నేరుగా కలపకండి. ఎక్సెల్ తేదీని లోపల ఒక అంకెగా దాచుకుంటుంది కాబట్టి 2024 జనవరి 1 కాస్తా 45292గా మారిపోతుంది. ముందు టెక్స్ట్ ఫంక్షన్‌తో నెల, సంవత్సరంగా మార్చుకోండి.