మోదుగ పూల గాజు పలక ఇంట్లో చేసుకోవడం

ముందే ఒక మాట: గాజు పలక మీద కూరగాయలు తరగకండి. గాజు చాలా గట్టిది, దాని మీద కత్తి ఆడిస్తే పదును త్వరగా పోతుంది, కత్తి జారి వేలు తెగుతుంది. కూరకు కత్తిపీటే మేలు. ఈ పలక అప్పడాలు, చపాతీలు ఒత్తడానికి, చేప ముక్కలకు కారం పట్టించడానికి. పసుపు మరక నిలవదు, నీచు వాసన పట్టదు.

బరంపురంలోనో రాయగడలోనో అద్దాల దుకాణంలో 30×40 సెం.మీ., 6 మి.మీ. మందం టఫెన్డ్ గ్లాస్ (బాగా వేడిచేసి, చప్పున చల్లార్చి గట్టిపరచిన గాజు) చెప్పి చేయించండి. 1.8 కిలోల దాకా తూగుతుంది కాబట్టి ఒత్తేటప్పుడు అంతగా కదలదు. అంచుల పాలిష్, గుండ్రటి మూలలు టఫెనింగ్‌కు ముందే అవ్వాలి. తర్వాత కోయబోతే పలకంతా పలుకులై రాలిపోతుంది. కిటికీ అద్దం ముక్క మాత్రం వద్దు, పగిలితే పెంకులు గుచ్చుకుంటాయి.

బొమ్మ అడుగు వైపు వేయాలి. అప్పుడే రంగు తిండికి తగలదు. అసలు కష్టమూ ఇక్కడే: కంటికి ముందు కనబడేది ముందు వేయాలి. మొదట రేకుల ఈనెలు, మఖమల్ లాంటి ముదురు గోధుమ తొడిమ గిన్నెలు, తర్వాత నారింజ ఎరుపు రేకులు, ఆపైన కొమ్మ, చివర మీగడ రంగు నేపథ్యం. వరస తప్పితే పువ్వు కొమ్మ వెనక్కి పోతుంది. బొమ్మ కుడి ఎడమలు తారుమారవుతాయి కనుక పేరు రాయాలంటే అక్షరాలు తిరగేసి రాయండి. మోదుగ అడుగు రేకులు చిలక ముక్కులా వంగి ఉంటాయి, ఆ వంపు కుదిరితే పువ్వు కుదిరినట్టే. ఆకులు వేయకండి, మన కొండల్లో అది నిండుగా పూసేనాటికి కొమ్మలు బోడిగా ఉంటాయి.

రంగుకు ముందు గాజును సబ్బుతో కడిగి, స్పిరిట్‌తో తుడిచి, అంచులే పట్టుకోండి. వేలి జిడ్డు ఉన్నచోట రంగు పెచ్చులూడుతుంది. గాజుకు వాడే అక్రిలిక్ ఎనామిల్ రెండు పల్చని పూతలు, మధ్య గంట విరామం. ఒకేసారి మందంగా పూస్తే పైన ఆరి లోపల పచ్చిగా ఉండి, తర్వాత లేస్తుంది. చుట్టూ 1 సెం.మీ. అంచు, నాలుగు మూలలు ఖాళీగా వదలండి. మూడు వారాలు గాలికి ఆరనివ్వండి. గోపాల్‌పూర్ వైపు సముద్రపు తేమకు, వానాకాలంలో ఇంకా ఎక్కువ పడుతుంది.

రబ్బరు బుడిపెలు ఆ ఖాళీ మూలల్లో గాజు మీదే అంటించండి. రంగు మీద అంటిస్తే రంగుతో సహా ఊడొస్తాయి. నీళ్లలో నానబెట్టకుండా పై వైపు కడిగి, వెంటనే తుడవండి. పొయ్యి మీది బాణలి నేరుగా దింపకండి. అంచు చిట్లితే ఆ రోజే తీసేయండి, టఫెన్డ్ గాజుకు బలహీనత అంచే.