మోడల్ రైల్వే లేఅవుట్‌లో ఫుట్‌పాత్ లేచిందా? గమ్ము కొనేముందు వేలితో నొక్కి చూడండి

బొమ్మ రైళ్ల లేఅవుట్‌లో వీధులు కట్టేవాళ్లు చాలామంది, అట్టతో చేసిన ఫుట్‌పాత్ మూల లేచిపోయిందని ఫొటో పంపి "ఏ గమ్ము మంచిది?" అని అడుగుతారు. నొక్కి చూశారా అంటే లేదంటారు. అర నిమిషం పని అది. స్టీలు స్కేలును ఫుట్‌పాత్ మీద అంచు వైపు నిలబెట్టి, వెనక నుంచి ఫోన్ టార్చి వేయండి. స్కేలు కింద నుంచి వెలుతురు ఎక్కడ వస్తోందో చూసుకోండి. తర్వాత లేచినచోట వేలితో నొక్కండి. సగం సమస్యలకు కారణం అక్కడే తెలిసిపోతుంది.

కట్టర్ పట్టడం, రంగు కలపడం వచ్చనుకునే రాస్తున్నాను. కొలతలన్నీ హెచ్‌ఓ అనే మోడల్ రైల్వే స్కేలుకి, అంటే అసలు కొలతలో 87వ వంతుకి (1:87).

ఫుట్‌పాత్ లేచింది, బిల్డింగ్ కింద సందు కనిపిస్తోంది

నొక్కినా దిగకపోతే కింద ఏదో అడ్డం ఉంది. బాలస్ట్ (పట్టాల కింద పోసే కంకర) గింజో, ఎండిపోయిన ఫెవికాల్ ముద్దో, వీధి దీపం వైరో అయి ఉంటుంది. తీసేసి, గీకి, మళ్లీ అతికించండి.

నొక్కితే దిగి, వేలు తీయగానే మళ్లీ లేస్తే మాత్రం ఫుట్‌పాత్‌గా కోసిన అట్ట వంకర తిరిగిందని అర్థం. నన్ను అన్నిటికంటే ఎక్కువ ఏడిపించింది ఇదే. పని చేసిన రోజు ఇది కనిపించదు. ఏప్రిల్‌లో బల్లపరుపుగా ఉన్న వీధి, వానలు పడ్డాక జూలైలో చూస్తే రెండు చివర్లూ లేచి ఉంటుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో అయితే మరీను. దాంతో అందరూ గమ్మునే అనుమానిస్తారు. నిజానికి తప్పు గమ్ముది కాదు, తడిది.

గ్రే బోర్డు, ఐవరీ షీటు, కాగితం అంటించిన ఫోమ్ బోర్డు, ఇవన్నీ కాగితమే. పైన నీటి రంగు వేయగానే ఆ వైపు పీచు ఉబ్బి అట్ట కాస్త కిందికి వంగుతుంది. అది చూసి "ఎండితే సర్దుకుంటుందిలే" అనుకుంటాం. ఎండేటప్పుడు రంగు పొర బిగుసుకుంటూ పీచును తనవైపు లాగుతుంది. అట్ట ఎండలో పెట్టిన అప్పడంలా రంగు వైపుకి చుట్టుకుంటుంది. కింద ఫెవికాల్ గట్టిగా పట్టి ఉన్నంతకాలం ఆ లాగుడు బయటపడదు. గాలిలో తేమ పెరిగి తగ్గే కొద్దీ పట్టు వదులుతుంది. ముందు వదిలేది మూలలే.

ఇంతవరకు చాలామందికి తెలుసు. తెలియనిది అట్ట వాటం, అంటే దాని పీచు దిశ, సంగతి. మిల్లులో తయారయ్యేటప్పుడు అట్టలో పీచు ఎక్కువగా ఒకే దిశలో పడుతుంది. తడి తగిలినప్పుడు పీచు పొడవునా పెద్దగా సాగదు, అడ్డంగానే ఉబ్బుతుంది. అందుకే ఫుట్‌పాత్ పట్టీని పీచుకి అడ్డంగా కోస్తే వంకర పట్టీ పొడవునా వచ్చి రెండు చివర్లూ లేస్తాయి. పీచు వెంబడే కోస్తే వంకర వెడల్పులో వస్తుంది. హెచ్‌ఓలో 5 అడుగుల ఫుట్‌పాత్ వెడల్పు 17.5 మి.మీ. మాత్రమే. అంత వెడల్పులో వచ్చే వంకర కంటికి కనిపించదు.

వాటం కనుక్కోవడం తేలిక. ఒకే షీటు నుంచి ఒకే కొలతలో రెండు సన్న పట్టీలు కోయండి, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా. రెండిటినీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఒక చివర పట్టుకోండి. రెండో చివర ఎక్కువ వాలిన పట్టీలో పీచు అడ్డంగా ఉన్నట్టు, బిగుసుగా నిలబడినదాంట్లో నిలువుగా ఉన్నట్టు. ఆ బిగుసైన దిశలోనే మీ ఫుట్‌పాత్‌లన్నీ కోయండి. షీటు వృథా అవుతుందని కొన్నిటిని అటు, కొన్నిటిని ఇటు కోస్తారు చూడండి, వాళ్ల వీధిలో ఒక పక్క బాగుండి ఇంకో పక్క లేస్తుంది. టెన్షన్ పడి మళ్లీ గమ్ము మారుస్తారు.

ఇంకా అతికించలేదా? అయితే అట్టకు రెండు వైపులా పలుచగా లక్క గానీ సాండింగ్ సీలర్ గానీ పట్టించండి. పైన ఎన్ని పొరల రంగు వేస్తే అడుగున కూడా అన్నే వేయండి. కింద రంగు ఎవరు చూస్తారు అనకండి, అది చూడటానికి కాదు. అతికించడానికి నీళ్లున్న గమ్ము వద్దు. పలుచటి డబుల్ సైడ్ టేపు గానీ, ఫెవిబాండ్ లాంటి రబ్బరు గమ్ము గానీ వాడండి. రబ్బరు గమ్మును రెండు వైపులా రాసి, చేతికి అంటనంతగా ఆరాక అంటించాలి. ఒకసారి తాకిందంటే జరపడం కుదరదు కాబట్టి ముందే పెన్సిల్ గీతలు పెట్టుకోండి. కింద థర్మోకోల్ ఉంటే రబ్బరు గమ్ము జోలికి పోవద్దు, థర్మోకోల్ కరిగిపోతుంది.

ఇప్పటికే అతికించి లేచిపోతే, సందులో ఫెవికాల్ పోసి బరువు పెట్టడం మానండి. అందరూ చేసేది అదే. కొన్నాళ్లు బాగుంటుంది, కానీ మళ్లీ తడి పెట్టినట్టే కదా, మళ్లీ లేస్తుంది. కట్టర్ బ్లేడు మెల్లగా దూర్చి పట్టీని ఊడదీయండి. అడుగు వైపు అదే రంగు వేయండి. కాస్త చెమ్మ ఉండగానే పైనా కిందా పాలిథిన్ కవరు వేసి రెండు గాజు పలకల మధ్య పెట్టి, బరువు పెట్టి, రెండు రోజులు వదిలేయండి. తర్వాత టేపుతో అతికించండి.

పైన బిల్డింగ్ అంటించేశాం, ఊడదీయలేం అంటే ఒక దారి ఉంది. ఫుట్‌పాత్ మీద కాంక్రీటు పలకల మధ్య అతుకుల్లా గీసుకున్న అడ్డగీతలు ఉంటాయి కదా, 17.5 మి.మీ.కి ఒకటి చొప్పున. లేచిన భాగంలో వాటి వెంబడి కట్టర్‌తో పూర్తిగా తెగేదాకా కోయండి. లాగుడు ముక్కలైపోతుంది. ఏ పలకకు ఆ పలక కింద చిన్న టేపు ముక్క సరిపోతుంది. ఒకటి అరా కాస్త ఎగుడుదిగుడుగా మిగిలినా పాత ఊరి వీధిలాగే ఉంటుంది.

పార్కింగ్ లాంటి వెడల్పు జాగాకు ఈ వాటం చిట్కా పనికిరాదు. ఏ4 కంటే పెద్దదైతే అట్ట వదిలేసి సన్‌బోర్డు వాడండి. అది ప్లాస్టిక్, తడి పీల్చదు.

ఫుట్‌పాత్ మరీ ఎత్తుగా, అరుగులా ఉంది

3 మి.మీ. సన్‌బోర్డు పెట్టి ఉంటారు. 3 మి.మీ. అంటే అసలు కొలతలో 26 సెం.మీ. కారు టైరే 7 మి.మీ. ఉంటుంది కాబట్టి ఫుట్‌పాత్ ఇరుసు దగ్గరికి వచ్చేస్తుంది. అసలు ఎత్తు 6 అంగుళాలు, అంటే ఇక్కడ 1.7 మి.మీ. ఫుట్‌పాత్ పీకక్కర్లేదు, రోడ్డునే 1 నుంచి 1.5 మి.మీ. షీటుతో పైకి లేపండి.

కార్లు పార్కింగ్ గడుల్లో పట్టడం లేదు

కార్లు కొలవండి. బొమ్మల షాపులో దొరికే హాట్ వీల్స్ 1:64 దరిదాపుల్లో ఉంటాయి, హెచ్‌ఓకి పెద్దవి. వాటికోసం గడులు పెంచితే పక్కనున్న బోగీలు చిన్నవిగా కనిపిస్తాయి. అమెరికన్ టౌన్ అయితే 9 అడుగులు, 18 అడుగుల గడి 31.5 మి.మీ., 63 మి.మీ. వస్తుంది. మన స్టేషన్ ముందు పార్కింగ్‌కి 2.5 మీటర్లు, 5 మీటర్లు తీసుకుంటే సుమారు 29 మి.మీ., 57 మి.మీ. అంబాసిడర్ 5 సెం.మీ. ఉంటుంది, హాయిగా పడుతుంది.

తెల్ల గీతల అంచులు పాకాయి

మాస్కింగ్ టేపు అంచును గోటితో నొక్కారా? నొక్కినా పాకితే, టేపు వేశాక ముందు రోడ్డు రంగే ఒక పలుచటి కోటు వేయండి. సందుల్లోకి పోయేది అదే. ఆరాక తెలుపు వేసి, పూర్తిగా ఎండకముందే టేపు లాగేయండి. గీత వెడల్పు 1.2 మి.మీ. దాటకూడదు. ఓపిక లేకపోతే తెల్ల జెల్ పెన్ను, స్కేలు చాలు.

పార్కింగ్ నల్లగా గొయ్యిలా కనిపిస్తోంది

డబ్బాలోంచి తీసిన నలుపు అలాగే వేశారు. నాలుగు వేసవులు చూసిన తారు బూడిద రంగులోకి వస్తుంది. బూడిద రంగులో చిటికెడు గోధుమ రంగు కలపండి, కార్లు ఆగే చోట ఇంజన్ ఆయిల్ మరకలు నల్లగా పెట్టండి. రంగు కలిపేది మాత్రం లేఅవుట్ లైట్ల కిందే. బాల్కనీలో కలిపిన రంగు తెల్ల ఎల్‌ఈడీ కింద నీలంగా తేలుతుంది.

పుట్టీ గానీ ప్లాస్టర్ గానీ పగిలింది

పొడి ప్లైవుడ్ మీద నేరుగా పూస్తే చెక్క నీళ్లు పీల్చేసుకుంటుంది. ముందు నీళ్ల ఫెవికాల్ కొట్టి ఆరనిచ్చి, 2 మి.మీ. మించకుండా పొరలుగా వేయండి. సన్న పగుళ్లయితే పూడ్చకండి. నీళ్ల నలుపు పట్టిస్తే అవి కష్టపడి గీసినవాటికంటే బాగుంటాయి.

గూడ్స్ షెడ్ దగ్గర కాంక్రీటులో దిగిన పట్టాల మీద ఇంజన్ ఆగిపోతోంది

ఇంజన్‌లోని డీకోడర్ (దాన్ని నడిపే చిప్) విప్పకండి. ఒక బోగీని చేత్తో మెల్లగా తోయండి. ఎక్కడ తడబడితే అక్కడ పట్టాల మధ్య పోసింది పట్టా తల కంటే ఎత్తుగా ఉంది, లేదా చక్రం అంచు దూరే సందులో పుట్టీ పడింది. బోగీలను కలిపే కప్లర్ కింద వేలాడే వంపు తీగ కూడా దానికే గీసుకుంటుంది. పట్టా తల కంటే అర మి.మీ. కిందికి సాండ్ పేపర్‌తో దించండి. చివర్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పట్టాలు, చక్రాలు రెండూ తుడవండి. పట్టాలు తుడిచి చక్రాలు వదిలేస్తే ఆ పొడి మళ్లీ పట్టాల మీదికే వస్తుంది.

స్ప్రే రంగుకి థర్మోకోల్ కరగడం, అట్టకి బూజు పట్టడం, రెండు స్టైరిన్ (ప్లాస్టిక్) షీట్ల మధ్య ప్లాస్టిక్ గమ్ములోని ద్రావకం చిక్కుకుని వారాల తర్వాత వంకర రావడం, ఇవి కూడా ఉన్నాయి గానీ అరుదు. మొదటిదానికి నీటి రంగు, రెండోదానికి కొత్త అట్ట, మూడోదానికి కింది షీటులో నాలుగు రంధ్రాలు.