వాచీతో కారు తెరుచుకోవట్లేదా? ముందు కార్డుతో చూడండి, తర్వాత ఫోన్ ఆఫ్ చేసి చూడండి

కర్నూల్లో కార్ల ఎలక్ట్రికల్ పని చేస్తాను. ఈమధ్య స్మార్ట్ వాచీని కారు తాళంగా వాడేవాళ్లలో చెయ్యి ముందుకు చాపి "అన్నా, వాచీ పని చేయట్లా" అంటూ వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. వచ్చేసరికే వాచీ రీసెట్ చేసి, యాప్ తీసేసి మళ్లీ వేసి, వీడియోలు చూసి ఏవేవో నొక్కి, కారుతో ఉన్న జత (పెయిరింగ్) కూడా పోగొట్టుకుని ఉంటారు. నేనడిగేది ఒకటే: "కారుతో ఇచ్చిన కార్డుతోనో రిమోట్‌తోనో తెరుచుకుంటోందా?" సగం మంది అది చూసి ఉండరు. అర నిమిషం పని.

కార్డుతో కూడా తెరుచుకోకపోతే

వాచీని వదిలేయండి, తప్పు దానిది కాకపోవచ్చు. మొదట చూడాల్సింది కారులోని 12 వోల్టుల బ్యాటరీ. "యాప్‌లో 80 శాతం చార్జి చూపిస్తోంది కదా" అంటారు ఎలక్ట్రిక్ కారువాళ్లు. ఆ 80 శాతం కారును నడిపే పెద్ద బ్యాటరీది. డోర్ తాళాలు, బ్లూటూత్, కార్డును చదివే రీడర్, ఇవన్నీ బతికేది చిన్న బ్యాటరీ మీద. కారు ఆన్‌లో ఉన్నప్పుడో, చార్జింగ్‌లో ఉన్నప్పుడో పెద్దదాని నుంచి చిన్నదానికి కరెంటు వెళ్తుంది. కారును నెల రోజులు కదపకుండా వదిలేస్తే అది దిగిపోవచ్చు. పైగా మన ఎండలకు లెడ్ బ్యాటరీలు త్వరగా ముసలివవుతాయి. మీటరు పెడితే 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, 12 కిందికి వచ్చిందంటే డౌన్ అయినట్టే. రిమోట్‌లో దాచిన ఇనుప తాళంచెవితో డోర్ తీసి, మాన్యువల్‌లో చూపించిన చోట బూస్ట్ (వేరే బ్యాటరీ నుంచి కరెంటు) ఇవ్వండి. ఆరెంజ్ రంగు తీగల జోలికి మాత్రం పోవద్దు, అవి పెద్ద బ్యాటరీవి.

కార్డుతో వస్తుంది, వాచీతో అసలు రాదు

వాచీ తెర మీద చిన్న తాళం గుర్తు ఉందేమో చూడండి. చేతి మీద లేనని వాచీ అనుకుంటే తనకు తాను లాక్ అయిపోతుంది, లాక్ అయితే చాలా వాచీల్లో కీ కూడా మూసుకుపోతుంది. వెనకాల ఉండే సెన్సార్ చర్మానికి ఆనకపోతే దానికి చెయ్యి ఉన్నట్టు తెలియదు. బెల్టు గాజులా వదులుగా పెట్టుకునేవాళ్లకు, చొక్కా చేతి మీద కట్టుకునేవాళ్లకు ఇది మామూలే. బెల్టు ఒక రంధ్రం బిగించి, పాస్‌కోడ్ కొట్టండి. ప్రతిసారీ పాస్‌కోడ్ ఎందుకని దాన్ని తీసేయకండి. కొన్ని వాచీల్లో అది తీసేస్తే వ్యాలెట్‌లో (కార్డులు, కీలు దాచే చోట) ఉన్న కార్డులు చెరిగిపోతాయి, వాటితో కీ కూడా పోవచ్చు.

హ్యుందాయ్ క్రెటా ఎలక్ట్రిక్ లాంటి కార్లలో ఉండే ఎన్‌ఎఫ్‌సీ (ఆనిస్తేనే పలికే రకం) కీ అయితే దూరం నుంచి పని చేయదు. హ్యాండిల్‌కు వాచీని ఆనించాలి, ఆనించి ఒక క్షణం ఆగాలి. వాచీ పక్కనే లావుపాటి కడియం ఉంటే దాన్ని మోచేతి వైపు జరపండి.

ఫోన్ దగ్గరుంటే వస్తుంది, లేకపోతే రాదు

అసలు మోసం ఇక్కడుంది. దీని దెబ్బ నేనే తిన్నాను.

వాచీ కీ అని అందరూ అనేది నిజానికి రెండు రకాలు. మొదటి రకంలో తాళం వాచీలోనే ఉంటుంది. వాచీకి, కారుకి మధ్య నేరుగా మాట జరుగుతుంది, ఫోన్ ఇంట్లో ఉన్నా ఫరవాలేదు. రెండో రకంలో వాచీ ఉత్త బటన్. మీరు నొక్కితే వాచీ ఫోన్‌కు చెబుతుంది, ఫోన్ బ్లూటూత్ ద్వారానో ఇంటర్నెట్ ద్వారానో కారుకు చెబుతుంది. ఇది చాలదన్నట్టు, ఫోన్ కూడా కీగా నమోదై ఉంటే మీరు దగ్గరికి రాగానే జేబులోంచే అది తాళం తీసేస్తుంది. మీరు వాచీ చూసుకుని మురిసిపోతుంటారు. అలా ఆరు నెలలు గడిచిపోతాయి, కార్డు బీరువాలోకి చేరుతుంది.

పోయిన మే నెలలో వెంకటరమణ కాలనీ నుంచి రిటైరైన బ్యాంకు ఉద్యోగి ఒకాయన పిలిచారు. శ్రీశైలం వెళ్తున్నాం, వాచీ సరిగా ఉందో లేదో చూడమన్నారు. నేను తెలివిగా ఆయన ఫోన్ పూర్తిగా ఆఫ్ చేయించాను. వాచీ మీద బటన్ నొక్కాం. గుండ్రటి గుర్తు కాసేపు తిరిగి, కారు తెరుచుకుంది. "ఇక ఫోన్‌తో పని లేదు సార్, నిశ్చింతగా వెళ్లిరండి" అన్నాను. టీ తాగి వచ్చేశాను.

మూడో రోజు మధ్యాహ్నం ఎవరిదో నంబరు నుంచి ఫోన్. "ఏమప్పా, నువ్వే చూసి బాగుందంటివి కదా!" ఫోన్లన్నీ కౌంటర్లో పెట్టి దర్శనానికి వెళ్లారట. మోకాళ్ల నొప్పితో ఈయన ముందే బయటికి వచ్చేశారు. టోకెన్ వాళ్లావిడ దగ్గర, ఆవిడ ఇంకా లోపల. కార్డు కర్నూల్లో బీరువాలో. చెప్పులు కారులో. మే నెల ఎండలో వట్టి కాళ్లతో నిలబడి వాచీ నొక్కుతున్నారు.

నేను చేసిన తప్పేంటో తెలుసుకోవడానికి మళ్లీ వాళ్లింటికే వెళ్లాల్సి వచ్చింది. ఫోన్ ఆఫ్ చేశాం కానీ, వాచీ వాళ్లింటి వైఫై పట్టుకుని ఉంది. బటన్ నొక్కితే మాట వైఫై మీదుగా ఇంటర్నెట్‌కు, అక్కడి నుంచి కారులోని సిమ్‌కు చేరి తాళం తీసింది. గేటు దాటితే వాచీకి దిక్కులేదు. నా టెస్టు ఇంటి ముందు మాత్రమే నిజం. ఆ గుండ్రటి గుర్తు తిరిగినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. తాళం వాచీలోనే ఉంటే కారు ఒకటి రెండు క్షణాల్లో పలుకుతుంది. ఐదారు క్షణాలు పట్టిందంటే మాట ఎక్కడెక్కడో తిరిగి వస్తోందన్నమాట.

కాబట్టి టెస్టు ఇలా చేయండి. కారును ఇంటి వైఫై అందని చోటికి, కనీసం వీధి చివరికి తీసుకెళ్లండి. ఫోన్‌ను పూర్తిగా స్విచాఫ్ చేయండి. ఫ్లైట్ మోడ్ చాలదు, ఇప్పటి ఫోన్లలో చాలావాటికి ఫ్లైట్ మోడ్‌లోనూ బ్లూటూత్ ఆన్‌లోనే ఉండిపోవచ్చు. వాచీలో సిమ్ ఉంటే దాని మొబైల్ డేటా కూడా ఆపండి. ఇంట్లోవాళ్ల ఫోన్ కీగా ఉంటే దాన్ని ఇంట్లోనే వదలండి. తోడుగా వచ్చిన మనిషి చేతికి కార్డు ఇచ్చి ఆయన్ను దూరంగా నిలబెట్టండి. కారు లాక్ చేసి, ఇరవై అడుగులు వెనక్కి నడిచి, నిమిషం ఆగి రండి. ఇప్పుడు తెరుచుకుని, స్టార్ట్ కూడా అయితేనే అది వాచీ కీ. స్టార్ట్ సంగతి మరచిపోకండి, డోర్ తెరుచుకుని బండి కదలని రకాలూ ఉన్నాయి.

తెరుచుకోకపోతే కారు యాప్‌లో కీల జాబితా చూడండి. ఫోన్ పేరు ఒక్కటే ఉందా? అయితే వాచీని కీగా ఎవరూ నమోదు చేయలేదు. వాచీని విడిగా చేర్చాలి, కొన్ని కార్లలో అందుకు అసలు కీ దగ్గర పెట్టుకుని లోపల కూర్చోవాలి. మీ కారు మోడల్‌లో ఆ సదుపాయమే లేకపోతే నేనూ ఏం చేయలేను. కార్డు పర్సులో పెట్టుకోండి. ఫోన్ వెనక కవర్లో పెట్టేవాళ్లున్నారు, ఫోన్ మరచిన రోజు కార్డు కూడా దాంతోనే ఉంటుంది కదా!

ఫోన్ ద్వారా పని చేసే రకం జేబులో ఫోన్ ఉండగానే మొరాయిస్తే, ఫోన్‌లో బ్యాటరీ సేవర్ ఆ యాప్‌ను నిద్రపుచ్చి ఉండొచ్చు. యాప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి బ్యాటరీ పరిమితి తీసేయండి. అపార్ట్‌మెంట్ సెల్లార్లో మాత్రమే రావట్లేదంటే అక్కడ సిగ్నల్ లేదు, అంతే.

ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు

మన కార్లలో డ్రైవర్ డోర్ కుడివైపు. వాచీ ఎడమ చేతికి. కుడి చెయ్యి హ్యాండిల్ మీద వేసి, ఎడమ చేతిలో సంచి పట్టుకుని నిలబడితే వాచీకి, కారుకి మధ్య మీ ఒళ్లే అడ్డం. బ్లూటూత్ తరంగాలను ఒంట్లోని నీరు తాగేస్తుంది. ఎడమ చెయ్యి ముందుకు తెచ్చి చూడండి. వాచీ యాంటెన్నా చిన్నది, ఫోన్ అంత దూరం నుంచి రావాలని ఆశ పడకండి.

మిగతావి

కారు రిసీవర్ మాడ్యూల్ (సిగ్నల్ అందుకునే పెట్టె) పోవడం, వాచీలో చిప్ పోవడం అరుదు. పైవన్నీ చూడకుండా ఎవరైనా మాడ్యూల్ మార్చాలంటే డబ్బులివ్వకండి. ఫోన్ మార్చారా? వాచీని కొత్త ఫోన్‌కు జత చేసేటప్పుడు అది రీసెట్ అయితే కీ కూడా పోతుంది, మళ్లీ చేర్చుకోండి. సెకండ్ హ్యాండ్ కారైతే పాత ఓనరు కీలు జాబితాలోంచి తీసేయించండి.

నా దగ్గరికి వచ్చేటట్టయితే అసలు కీలు రెండూ, కారు యాప్‌లో లాగిన్ అయిన ఫోన్, వాచీ, దాని పాస్‌కోడ్ తెలిసిన మనిషి, అన్నీ కలిసి రావాలి. వాచీ ఒక్కటే పంపిస్తే వెనక్కి పంపుతాను.