చార్జ్ అనే మాటతో జాగ్రత్త: కొత్తగా వచ్చినవాళ్ళకి

ఇంగ్లీషు మాట్లాడే దేశాలకి కొత్తగా వచ్చినవాళ్ళకి బ్యాంకు ఖాతా గురించి, అద్దె ఇల్లు గురించి, సిమ్ గురించి చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు కాబట్టి నేను ఒకే ఒక్క మాట గురించి చెప్తాను. ఆ మాట చార్జ్. ఇది మనకి తెలీని మాట కాదు, చిక్కంతా అక్కడే ఉంది. బస్సు చార్జీలు, ఫోన్ చార్జింగు, సెక్షన్ ఇన్‌చార్జి, చార్జిషీటు, లాఠీచార్జి, ఆస్పత్రి నుంచి డిశ్చార్జి, ఇవన్నీ తెలుగులోనే రోజూ వాడేస్తుంటాం, దాంతో ఇక్కడ ఎవరైనా చార్జ్ అనగానే మనకి తెలిసిందేలే అనుకుంటాం, ఏ అర్థంలో అన్నారో ఆగి అడగం.

ముందు పోలీసుల సంగతి చెప్తా, పొరపాటు పడితే ఎక్కువ నష్టం ఇక్కడే. బండి స్పీడుగా నడిపారని పోలీసు ఆపి జరిమానా రాశాడనుకోండి, మర్నాడు ఆఫీసులో "పోలీసులు నన్ను చార్జ్ చేశారు" అని మాత్రం అనకండి. డబ్బులు కట్టమన్నారని మీ ఉద్దేశం, కానీ వినేవాళ్ళు మీ మీద క్రిమినల్ కేసు పెట్టారని అనుకుంటారు. అమెరికాలో ఐతే టికెట్ వచ్చింది అంటారు, బ్రిటన్‌లో ఐతే ఫైన్ పడింది అంటారు, అంతే చాలు. ఈ మాటల వరస కూడా గుర్తుంచుకోండి: అక్యూజ్ ఎవరైనా ఎవరినైనా చేయొచ్చు, అది ఒట్టి ఆరోపణ, అరెస్ట్ అంటే అదుపులోకి తీసుకోవడం, చార్జ్ అంటే అధికారికంగా నేరం మోపడం, కన్విక్ట్ అంటే కోర్టు దోషి అని తేల్చడం. అరెస్ట్ అయినవాళ్ళందరి మీదా చార్జ్ పెట్టరు, చార్జ్ పెట్టినవాళ్ళందరూ దోషులూ కారు.

ఇది ఎందుకు ఇంతగా చెప్తున్నానంటే ఇమ్మిగ్రేషన్ ఫారాల్లో ఈ మాటలు పక్కపక్కనే ఉంటాయి. అమెరికా పౌరసత్వానికి పెట్టే ఎన్-400 ఫారంలో ఎప్పుడైనా అరెస్ట్ అయ్యారా, చార్జ్ అయ్యారా అని కూడా అడుగుతారు, శిక్ష పడిందా లేదా అనేది వేరే లెక్క. కేసు కొట్టేశారు కదా, శిక్ష పడలేదు కదా అని చార్జ్ దగ్గర నో అని పెట్టేస్తే అది తప్పు సమాధానం అవుతుంది, అసలు కేసు కన్నా ఆ తప్పు సమాధానమే పెద్ద ఇబ్బంది తెచ్చిపెట్టగలదు. అలాంటిది ఏదైనా ఉంటే ఫారం నింపే ముందే లాయర్‌ని అడగండి, స్నేహితుల్ని కాదు.

అదే అమెరికాలో పబ్లిక్ చార్జ్ అని ఇంకో మాట వినిపిస్తుంది, గ్రీన్ కార్డు దారిలో ఉన్నవాళ్ళు తప్పకుండా వింటారు. ఇదేదో ప్రభుత్వం తీసుకునే ఫీజు అనుకునేరు, కానే కాదు. బతుకుతెరువుకి ప్రధానంగా ప్రభుత్వం మీదే ఆధారపడే మనిషిని అలా అంటారు, అలా అవుతారనిపిస్తే వీసాగానీ గ్రీన్ కార్డుగానీ ఇవ్వకపోవచ్చు. ఈ మాట 1882 నాటి ఇమ్మిగ్రేషన్ చట్టంలోనే ఉంది. కుటుంబం ద్వారా వచ్చేవాళ్ళకి స్పాన్సర్ ఐ-864 అనే ఫారం మీద సంతకం పెట్టేది దీనికోసమే, వీళ్ళని నేను చూసుకుంటాను అని పూచీ అన్నమాట.

ఇన్ని అర్థాలు ఎలా వచ్చాయంటే, మూలం లాటిన్‌లో బండి అనే మాట, దాన్నుంచి బండి మీద సరుకు ఎక్కించడం అనే అర్థం, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఎవరి మీదైనా దేనిమీదైనా బరువు పెట్టడం. కారు, కార్గో కూడా ఆ కుటుంబం వాళ్ళే. ఆ బరువు డబ్బు కావచ్చు, నేరం కావచ్చు, బాధ్యత కావచ్చు, బ్యాటరీలో నింపే కరెంటు కావచ్చు. మనం కూడా భారం మోపారు, నేరం మోపారు, పన్ను మోపారు అని ఒక్క మోపడంతోనే సరిపెట్టుకుంటాం కదా, కాబట్టి మనవాళ్ళకి ఇది పట్టుకోవడం కష్టం కాదనే నా నమ్మకం.

ఆస్పత్రిలో చార్జ్ నర్స్ అని పరిచయం చేసుకుంటే ఆవిడ బిల్లు చూసే మనిషి కాదు, ఆ షిఫ్టులో ఆ వార్డు నర్సులందరి మీదా పెద్ద, మీకు ఏదైనా సమస్య వస్తే ఆవిడనే అడగాలి. డాక్టరు "ఎనీ డిశ్చార్జ్" అని అడిగితే ఇంటికెప్పుడు పంపుతారనే విషయం కాదు, పుండు నుంచో చెవి నుంచో కంటి నుంచో చీముగానీ నీరుగానీ కారుతోందా అని. అమ్మానాన్నల్ని తీసుకొచ్చి ఆస్పత్రికి వెళ్ళేవాళ్ళు ఈ ఒక్కటీ వాళ్ళకి ముందే చెప్పి ఉంచండి, అడిగినదానికి సరైన జవాబు రాకపోతే వైద్యమే తప్పుదారి పడుతుంది.

ఇన్ చార్జ్ ఆఫ్ అంటే బాధ్యత ఆ మనిషిది, మధ్యలో 'ద' చేరి ఇన్ ద చార్జ్ ఆఫ్ ఐతే ఆ మనిషే ఇంకొకరి సంరక్షణలో ఉన్నట్టు, అర్థం పూర్తిగా తిరగబడుతుంది. పిల్లల్ని చూసుకునేవాళ్ళు మై చార్జెస్ అంటే తాము చూసుకునే పిల్లలు. ఫోన్లో చార్జ్ ఐపోతే ఇక్కడివాళ్ళు ఎక్కువగా ఫోన్ డెడ్ ఐంది అంటారు, మనం రీచార్జ్ అనేదాన్ని బ్రిటన్‌లో టాప్ అప్ అంటారు.

ఇక డబ్బు. చార్జ్ అని అందరికీ కలిపి వాడొచ్చుగానీ సరైన మాట వాడితే పని త్వరగా అవుతుంది. బస్సుకీ రైలుకీ ఫేర్, రోడ్డుకీ వంతెనకీ టోల్, లాయరుకీ దరఖాస్తుకీ ఫీ, తప్పు చేస్తే ఫైన్, గంటకింత యూనిట్‌కింత అంటే రేట్, ఉన్నదాని మీద అదనంగా వేస్తే సర్‌చార్జ్. బస్ చార్జ్ ఎంత అని అడిగితే అర్థం చేసుకుంటారులెండి, కానీ ఫేర్ అని అడగడం మేలు.

బ్రిటన్‌లో కారు కొన్నవాళ్ళు పీసీఎన్ అనే కాగితం జాగ్రత్తగా చదవండి. కౌన్సిల్, అంటే మన మునిసిపాలిటీ లాంటి స్థానిక సంస్థ, ఇచ్చేది పెనాల్టీ చార్జ్ నోటీస్, దానికి చట్టం బలం ఉంది, పార్కింగ్‌కి ఐతే మామూలుగా 14 రోజుల్లో కడితే సగమే. ప్రైవేటు పార్కింగ్ కంపెనీ ఇచ్చేది పార్కింగ్ చార్జ్ నోటీస్, పొట్టి పేరు అదే పీసీఎన్, కానీ అది మీరు వాళ్ళ షరతులు మీరారంటూ పంపే బిల్లు లాంటిది, అప్పీల్ చేసే దారి కూడా వేరు. ప్రైవేటుదే కదా అని చించి పారేయకండి, కోర్టుకి వెళ్ళే అవకాశం వాళ్ళకీ ఉంది, ముందు ఎవరు పంపారో చూసి గడువు లోపల జవాబు ఇవ్వండి.

కార్డు స్టేట్‌మెంట్లో పెండింగ్ చార్జ్ అని కనిపిస్తే కంగారు పడకండి, హోటల్ వాళ్ళో పెట్రోల్ బంకు వాళ్ళో ముందుగా కొంత ఆపి ఉంచుతారు, తర్వాత అసలు మొత్తమే పడుతుంది, మిగతాది వదిలేస్తారు. మీరు చేయని ఖర్చు కనిపిస్తే బ్యాంకుకి చెప్పి వెనక్కి తెప్పించుకోవడాన్ని చార్జ్‌బ్యాక్ అంటారు. దీనికి దగ్గరగా వినిపించే చార్జ్-ఆఫ్ మాత్రం పూర్తిగా వేరే కథ, అమెరికాలో నెలల తరబడి కట్టని కార్డు బాకీని బ్యాంకు తన పుస్తకాల్లో నష్టం కింద రాసుకోవడం అది, మామూలుగా 180 రోజులు దాటాక జరుగుతుంది. మాట వింటే మాఫీ చేసినట్టు ఉంటుంది కానీ అప్పు అలాగే ఉంటుంది, కలెక్షన్ ఏజెన్సీ చేతికి పోవచ్చు, క్రెడిట్ రిపోర్టులో 7 ఏళ్ళ దాకా కనిపిస్తుంది, కాబట్టి చార్జ్-ఆఫ్ చేశామని ఉత్తరం వస్తే హమ్మయ్య అనుకోకుండా వెంటనే ఫోన్ చేసి ఎంత కట్టాలో ఎవరికి కట్టాలో రాతపూర్వకంగా తీసుకోండి.