చాట్‌బాట్‌ని ఆరోగ్యం అడగడం: 4వ పాఠం – నూతిలో బ్లీచింగ్ లెక్క

ఈసారి జ్వరాలు మొదలుపెట్టాలి. కానీ పోయిన పాఠం అభ్యాసంలోనే చాలామంది జారారు. వరద తీశాక నూతి నీళ్లలో ఏం కలపాలని అడిగితే వచ్చిన "గ్యాలనుకు ఎనిమిది చుక్కలు" అన్న జవాబునే నోట్సులోకి ఎక్కించారు. జ్వరాలు వచ్చే పాఠానికి.

ఎనిమిది చుక్కలు తప్పేం కాదు, వేరే సరుకు లెక్క. అమెరికాలో బ్లీచ్ అంటే సీసాలో అమ్మే ద్రావణం, ఆరు శాతం పాటి సోడియం హైపోక్లోరైట్. గ్యాలను 3.8 లీటర్లు. మన పంచాయతీ బస్తాలో ఉండేది బ్లీచింగ్ పౌడర్, తాజాగా ఉంటే సుమారు 33 శాతం క్లోరిన్. పొడికి చుక్కలేమిటి? చాట్‌బాట్ చదివినవి ఎక్కువగా ఇంగ్లిషు రాతలే కాబట్టి మీరు బ్లీచింగ్ అన్నా అది సీసా దగ్గరికే పోతుంది. పైగా డెల్టా తేమకి మూతి విప్పిన బస్తా సత్తువ దిగిపోతూ ఉంటుంది. ఘాటు వాసన పోయి ముద్దకట్టిన పొడికి ఏ లెక్కా పనికిరాదు.

కాబట్టి సరుకు, కొలత రెండూ ప్రశ్నలోనే పెట్టండి:

"వరల నుయ్యి. వ్యాసం 6 అడుగులు, వ్యాసార్థం కాదు. నీటి లోతు 10 అడుగులు. 33 శాతం బ్లీచింగ్ పౌడర్, 1000 లీటర్లకు 2.5 గ్రాముల చొప్పున ఎంత కావాలి? లెక్క వరుసగా చూపించు."

3.14 × 6 × 6 × 10 ÷ 4 = 282.6 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకి 28.3 లీటర్ల చొప్పున దాదాపు 8000 లీటర్లు. పొడి 20 గ్రాములు. 6×6 వేసి నాలుగుతో భాగించినా, 3×3 వేసినా సరే. 6×6 వేసి ఊరుకుంటే 80 గ్రాములు వస్తుంది, నాలుగింతలు. చివరి అంకె చూసి తలూపేయకండి. నోటితో చెప్పి అడిగేవాళ్లు "రెండున్నర" సరిగ్గా పడిందో లేదో చూసుకోండి. నా మటుకు టైపు చేయడమే మేలు.

తూకం కాటా మీదే వేయండి, చెంచాతో వద్దు. పొడిని బకెట్‌లో కాసిని నీళ్లతో ముద్దగా కలిపి, ముప్పాతిక దాకా నీళ్లు పోసి కలియబెట్టండి. 5–10 నిమిషాల్లో సున్నం అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీళ్లే వేరే బకెట్‌లోకి వంచి, దాన్ని నూతి నీళ్లలోకి దించి పైకీ కిందికీ ఆడించండి. గంట దాకా తోడొద్దు. పొడి నేరుగా చల్లమంటే వినకండి, సున్నం నూతిలో చేరి నీళ్లు కఠినమవుతాయి.

ఇదంతా రోజువారీ మోతాదు. నూతిలోకి వరద నీరే దిగి ఉంటే ముందు బురదనీరు తోడించాలి, మోతాదు కూడా పెరుగుతుంది. ఎంతన్నది చాట్‌బాట్ తేల్చలేదు. గంట తర్వాత లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలిందా లేదా క్లోరోస్కోప్ (నీళ్లలో మిగిలిన క్లోరిన్ చూసే పరికరం) చెప్పాలి, ఏఎన్‌ఎమ్‌ని అడగండి.

అభ్యాసం: మీ నూతిని తాడుతో కొలవండి. అదే ప్రశ్న అడుగుల్లో ఒకసారి, మీటర్లలో ఒకసారి, నీళ్లలో మునిగిన వరల సంఖ్య, ఒక్కో వర ఎత్తు చెప్పి ఇంకోసారి అడగండి. మూడూ కలవకపోతే లెక్క ఏ వరుసలో తప్పిందో రాసి పంపండి.