ఇంట్లో బాగున్న పాట బయట ఎందుకు చెడిపోతుంది? హోమ్ స్టూడియో హెడ్‌ఫోన్ తంటాలు

కిందటేడు ఎండాకాలంలో ఒక చెక్కభజన పాట మిక్స్ చేశాను, అంటే గొంతు, వాయిద్యాలు సరైన పాళ్లలో కలిపాను. రాత్రి రెండింటి దాకా కూర్చుని, డప్పు ఛాతీలో మోగినట్టు వినిపించాక గానీ లేవలేదు. పొద్దున్నే పాట పాడినాయన ఫోన్ చేశాడు. ఆటోలో పోతూ విన్నాడట. "ఏంది అబ్బీ, డప్పు యాడికి పాయ?" అన్నాడు. కడప కోటిరెడ్డి సర్కిల్ దగ్గరికి పోయి అదే ఆటోలో కూర్చుని నేనూ విన్నాను. ఆయన చెప్పింది నిజమే. డప్పు ఉండాల్సిన చోట అట్టపెట్టె మీద వేలితో కొట్టినట్టుంది.

అప్పుడు నాకు వచ్చిన ఆలోచన అందరికీ వచ్చేదే, ఇంకా ఖరీదైన హెడ్‌ఫోన్ కొనాలని. కొన్నాను కూడా. తప్పులు తగ్గలేదు, వేరే తప్పులు వచ్చాయి. పాటలో వచ్చిన తప్పును పట్టుకుని వెనక్కి నడిస్తే కారణం దొరుకుతుందని చాలా ఆలస్యంగా అర్థమైంది. కడపలో, ప్రొద్దుటూరులో ఇంట్లోనే పాటలు చేసుకునే తమ్ముళ్లు నన్ను అడిగేవి ఎక్కువగా ఈ తంటాలే.

స్పీకర్లు పెట్టుకోవచ్చు కదా అంటారేమో. నా గది మిద్దె మీద ఉంది. పైన స్లాబు, చుట్టూ నున్నటి సిమెంటు గోడలు, కింద కడప బండ. మధ్యలో నిలబడి ఒక చప్పట్టు కొడితే అది గోడకూ గోడకూ తగిలి గణగణమంటూ కాసేపు ఉంటుంది. అలాంటి గదిలో స్పీకర్ పెడితే మనం వినేది సగం పాట, సగం గోడలు. హెడ్‌ఫోన్‌కు ఆ బాధ లేదు. దాని బాధలు వేరే.

ఇంట్లో దద్దరిల్లింది, బయట చప్పబడింది

నా డప్పు సంగతి ఇదే. అంగళ్లలో పాటలు వినడానికని అమ్మే హెడ్‌ఫోన్లలో చాలావాటికి కంపెనీవాళ్లే బేస్ పెంచి పెడతారు. వినడానికి బాగుంటుంది, అమ్ముడు పోతుంది. మిక్స్ చేసేటప్పుడు మాత్రం అది మోసం చేస్తుంది. డప్పు గుమ్ము, కిక్ (డ్రమ్స్‌లో కాలితో కొట్టే పెద్ద డ్రమ్) ఉండే 60 నుంచి 120 హెర్ట్జ్ మధ్య హెడ్‌ఫోనే ఎక్కువ పలుకుతుంటే, పాటలో ఎక్కువైందనుకుని మనం తగ్గిస్తాం. బయట మామూలు స్పీకర్‌లో ఆ తగ్గించిందే వినిపిస్తుంది. హెడ్‌ఫోన్ ఏది ఎక్కువ చేసి చూపిస్తే అది మన పాటలో తక్కువవుతుంది, ఏది దాస్తే అది ఎక్కువవుతుంది. తిరగేసి చదవాలి. ఈ ఒక్కటి మనసుకు పడితే సగం తంటాలు తీరతాయి.

కొత్తది కొనే ముందు ఇలా చేసి చూడండి. మీకు బాగా తెలిసిన, బయట ఎక్కడ విన్నా బాగుండే పాటలు మూడు తీసుకోండి. వాటిని మీ మిక్స్ పక్కనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టి, రెండింటి వాల్యూమ్ సమానం చేసి, అటూ ఇటూ మార్చి వినండి. వాల్యూమ్ సమానం చేయకపోతే ఈ పని దండగ, ఎందుకంటే గట్టిగా వినిపించేదే చెవికి బాగుంటుంది. ఆ పాటల్లో డప్పు మీ హెడ్‌ఫోన్‌లో ఎంత గట్టిగా ఉందో, మీ పాటలోనూ అంతే ఉండాలి. అది మీకు ఎక్కువ అనిపించినా సరే.

దీని తర్వాత కూడా కొనాలనిపిస్తే స్టూడియో పనికని చేసినవి చూడండి. సోనీ ఎండీఆర్-7506 1991 నుంచి ఉంది, ఇప్పటికీ దొరుకుతుంది. పైస్థాయి కాస్త పదునుగా పలుకుతుంది, గొంతులో చిన్న చిటపట కూడా పట్టిస్తుంది. ఆడియో-టెక్నికా ఎం40ఎక్స్ దానికంటే నిదానం. అదే కంపెనీ ఎం50ఎక్స్‌కు పేరు ఎక్కువ, బేస్ కూడా ఎక్కువ. నన్నడిగితే మిక్సింగ్‌కు ఎం40ఎక్స్ అంటాను.

మొన్నటిదాకా బాగుండేది, ఇప్పుడు బేస్ రావడం లేదు

హెడ్‌ఫోన్ చెడిపోయిందనుకోకండి. ముందు చెవి దిండ్లు చూడండి. మన ఎండకు, చెమటకు, తలకు పెట్టే కొబ్బరినూనెకు ఆ రెక్సిన్ రెండేళ్లు కూడా ఆగదు. నల్లటి పొట్టు రాలి చెవి వెనక అంటుకుంటుంటే కాలం తీరినట్టే. దిండు చెవి చుట్టూ గాలి చొరకుండా పట్టుకుంటేనే కింది స్థాయి శబ్దం నిలుస్తుంది. చిన్న సందు ఉన్నా ముందు పోయేది బేసే. అప్పుడు మీరు బేస్ పెంచుతారు, బయట పాటంతా గుమ్ముగుమ్మని గొంతు మునిగిపోతుంది. పైన చెప్పినదానికి ఇది సరిగ్గా ఎదురు.

కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లకు కొత్త దిండ్లతోనూ ఇదే తంటా. అద్దాల కాడ దిండును పైకి లేపుతుంది. పాట పెట్టుకుని ఒకసారి కళ్లద్దాలు తీసి వినండి, తేడా అక్కడికక్కడే తెలుస్తుంది. నేను మిక్స్ చేసేటప్పుడు అద్దాలు తీసేసి స్క్రీన్‌కు దగ్గరగా జరుగుతాను. చూడ్డానికి బాగుండదు, అదలా ఉంచండి.

దిండ్లు విడిగా దొరికే మోడలే కొనండి. వైరు ఊడదీసి మార్చుకునేలా ఉంటే ఇంకా మంచిది.

గొంతు మాయమైంది, వాయిద్యాలు మాత్రం ఉన్నాయి

రాయచోటి నుంచి ఒక తమ్ముడు భయంతో ఫోన్ చేశాడు. "అన్నా, ట్రాక్‌లో వాయిస్ పోయింది, ప్రాజెక్ట్ కరప్ట్ అయినట్టుంది." పోలేదు. హెడ్‌ఫోన్ పిన్ను సగమే లోపలికి వెళ్లింది.

పిన్నును దగ్గరగా చూడండి. నల్ల గీతలతో విడిపోయిన భాగాలు కనిపిస్తాయి. కొస ఎడమ చెవికి, తర్వాతి ఉంగరం కుడి చెవికి, మొదట్లో ఉన్న పొడుగు భాగం రెండింటికీ కలిపి తిరుగు దారి. ఆ తిరుగు దారి తెగితే కరెంటు ఒక చెవి డ్రైవర్ (లోపలి చిన్న స్పీకర్) నుంచి రెండో దానిలోకి పోయి, ఎడమకూ కుడికీ మధ్య ఉన్న తేడా మాత్రమే వినిపిస్తుంది. గొంతు, కిక్, బేస్ రెండు వైపులా సమానంగా ఉంటాయి కాబట్టి తేడాలో కొట్టుకుపోతాయి. పక్కలకు పెట్టిన కోరస్, రివర్బ్ (గదిలో మోగినట్టుండే ప్రతిధ్వని) మిగులుతాయి. పాట బావిలోంచి వస్తున్నట్టుంటుంది.

పిన్ను గట్టిగా నొక్కండి. చిన్న పిన్నుకు వేసే పెద్ద అడాప్టర్ మరలు పూర్తిగా బిగించండి, నేను చూసిన కేసుల్లో ఎక్కువ ఇక్కడే దొరికాయి. మైక్ ఉన్న ఫోన్ ఇయర్‌ఫోన్‌కు మూడు గీతలుంటాయి, దాన్ని ఆడియో ఇంటర్‌ఫేస్‌లో (మైక్‌నూ హెడ్‌ఫోన్‌నూ కంప్యూటర్‌కు కలిపే పెట్టెలో) పెట్టినా కొన్నిసార్లు ఇలాగే అవుతుంది. ఇవేవీ కాకపోతే పిన్ను మొదట్లో వైరు వంచి చూడండి, గొంతు వచ్చి పోతుంటే లోపల తెగినట్టే.

దీనికి చెల్లెలు లాంటిది ఇంకోటి ఉంది. మీ హెడ్‌ఫోన్‌లో అన్నీ బాగుంటాయి, కానీ ఎవరి బ్లూటూత్ డబ్బాలోనో వింటే కీబోర్డ్ పోతుంది. అది మోనో స్పీకర్, ఎడమా కుడీ కలిపేస్తుంది. మీరు కీబోర్డ్‌ను వెడల్పు చేసే ప్లగిన్ (సాఫ్ట్‌వేర్‌లో చేర్చుకునే చిన్న ప్రోగ్రామ్) వేసి ఉంటారు, రెండు వైపులా కలిసినప్పుడు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. హెడ్‌ఫోన్‌లో ఎడమ శబ్దం కుడి చెవికి అసలు చేరదు కాబట్టి ఈ తప్పు ఎప్పటికీ తెలియదు. మాస్టర్ ట్రాక్ (అన్ని ట్రాకులూ వచ్చి కలిసేది) మీద మోనో బటన్ పెట్టుకుని, గంటకోసారి నొక్కి వినండి.

పాడేవాళ్లకు తాళం కుదరడం లేదు

బ్లూటూత్ హెడ్‌ఫోన్ పెట్టారా? తీసేయండి. శబ్దం చెవికి చేరేసరికి తరచుగా 150 నుంచి 200 మిల్లీసెకన్ల ఆలస్యం. నిమిషానికి 90 బీట్ల పాటలో ఒక బీటు 667 మిల్లీసెకన్లు, అందులో దాదాపు నాలుగో వంతు ఆలస్యమే తినేస్తుంది. ఎంతటి పాటగాడైనా తడబడతాడు. పైగా హెడ్‌ఫోన్‌లోని మైక్ ఆన్ అయితే శబ్దం ఫోన్ కాల్ స్థాయికి పడిపోతుంది.

వైరుదే పెట్టినా ఆలస్యముంటే సాఫ్ట్‌వేర్‌లో బఫర్ చూడండి, అంటే కంప్యూటర్ ఒక్కో విడతలో పోగుచేసుకునే శబ్దపు ముక్కల (శాంపిళ్ల) లెక్క. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 1024 శాంపిళ్లంటే దాదాపు 21 మిల్లీసెకన్లు, పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ. రికార్డింగ్‌కు 128 పెట్టి, మిక్సింగ్‌కు మళ్లీ పెంచుకోండి. ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ బటన్ ఉంటే మైక్ శబ్దం కంప్యూటర్ చుట్టి రాకుండా నేరుగా చెవికి వస్తుంది, అసలు ఈ గోలే ఉండదు.

మైక్‌లో క్లిక్ శబ్దం పడుతోంది

క్లిక్ అంటే తాళం తప్పకుండా పాడేవాళ్ల హెడ్‌ఫోన్‌లో వినిపించే టక్‌టక్. ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్‌తో పాడించి ఉంటారు. వాటి వెనక జాలీ ఉంటుంది, లోపలి శబ్దం బయటికీ బయటిది లోపలికీ పోతుంది. సెన్‌హైజర్ హెచ్‌డీ 600, బేయర్‌డైనమిక్ డీటీ 990 ప్రో ఈ రకం. మిక్సింగ్‌కు ఇవే మేలని చాలామంది అంటారు, శబ్దం విడివిడిగా, గాలి ఆడినట్టు వినిపిస్తుంది. నిజమే. కానీ నా గదిలో ఫ్యాన్ ఆపితే పది నిమిషాలు కూర్చోలేం, ఫ్యాన్ వేస్తే ఆ జాలీలోంచి రెక్కల హోరు, కింద వంటింట్లో కుక్కర్ కూతలు. ఒక్కటే కొనగలిగితే క్లోజ్డ్ బ్యాక్ (వెనక మూసి ఉన్నది) కొనండి. పాడించడానికీ మిక్స్‌కూ రెండింటికీ పనికొస్తుంది. చెవులు చెమట పడతాయి, తప్పదు.

వాల్యూమ్ ఫుల్ పెట్టినా చాలడం లేదు

పెట్టె మీద ఓమ్స్ అంకె చూడండి, హెడ్‌ఫోన్ కరెంటుకు ఎంత అడ్డుపడుతుందో అది చెబుతుంది. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో 32, 80, 250 ఓమ్స్‌లో దొరుకుతుంది. అంకె పెద్దదైతే సరుకు మంచిదనుకుని నాకు తెలిసినాయన 250 తెప్పించాడు. ఆయన దగ్గరున్నది ఒక పాత ల్యాప్‌టాప్. అంత ఓమ్స్‌ను నడపడానికి కావాల్సిన వోల్టేజీ దాని సాకెట్ ఇవ్వలేదు. నేరుగా ల్యాప్‌టాప్‌కు, ఫోన్‌కు పెట్టేవాళ్లు 32 గానీ 80 గానీ తీసుకోండి. 250 ఇప్పటికే కొనేసి ఉంటే మంచి ఇంటర్‌ఫేస్ లేదా హెడ్‌ఫోన్ యాంప్ కావాలి.

జుయ్‌మని మోత

ల్యాప్‌టాప్ చార్జర్ పీకండి. మోత ఆగితే ఎర్తింగ్ తంటా, సాకెట్‌లో ఎర్త్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడే వస్తుంటే, కరెంటును నునుపుగా ఇవ్వని స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయి ఉంటుంది. ఆ కాసేపు బ్యాటరీ మీద పని చేసుకోండి.

రాత్రి అద్భుతం, పొద్దున వింటే కీచుమంటోంది

ఇది హెడ్‌ఫోన్ తప్పు కాదు, చెవి తప్పు. గంటలకొద్దీ గట్టిగా వింటే చెవి మొద్దుబారి పైస్థాయి శబ్దాలు సరిగా పట్టదు. గొంతు మసకగా ఉందనుకుని ట్రెబుల్ పెంచుతూ పోతారు. పొద్దున చెవి కోలుకున్నాక ప్రతి 'స', ప్రతి 'శ' సూదిలా గుచ్చుతుంది. ఇంకో మెలిక కూడా ఉంది. వాల్యూమ్ తగ్గే కొద్దీ మన చెవికి బేస్ తక్కువగా వినిపిస్తుంది, పెంచితే ఎక్కువ. ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. అంటే వాల్యూమ్ మాటిమాటికీ మారిస్తే మీ తీర్పూ మారిపోతుంది.

మా అమ్మ బొట్టుబిళ్ల ఒకటి తెచ్చి ఇంటర్‌ఫేస్ వాల్యూమ్ బిరడా పక్కన అంటించాను. పక్కన మనిషి మాట్లాడితే వినబడేంత స్థాయి అది. పని అంతా ఆ బొట్టు దగ్గరే. గట్టిగా వినాలనిపిస్తే ఒక్క నిమిషం పెంచి, మళ్లీ బొట్టు దగ్గరికి. ముప్పావు గంటకోసారి హెడ్‌ఫోన్ తీసి మిద్దె మీద తిరిగొస్తాను. అమెరికాలో పని చోట్ల చెవి భద్రతకు అక్కడి ప్రభుత్వ సంస్థ నియోష్ పెట్టిన లెక్క 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు 8 గంటలు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు సమయం సగమవుతుంది, 94 దగ్గర ఒక్క గంటే. చెవికి దిండ్లలా విడి భాగాలు దొరకవు.

ఫోన్‌లో బేస్ లేనే లేదు

చాలా ఫోన్ స్పీకర్లు 200 హెర్ట్జ్ కింద దాదాపు ఏమీ పలకవు. ఏ హెడ్‌ఫోన్ కొన్నా దీన్ని మార్చలేరు. బేస్ గిటార్ మీద కాస్త శాచురేషన్ (శబ్దాన్ని కొద్దిగా గరుకు చేసే ఎఫెక్ట్) వేయండి. అది పైన హార్మోనిక్స్, అంటే ఆ స్వరానికి తోడుగా పలికే ఎత్తైన స్వరాలు పుట్టిస్తుంది, వాటిని విని కింది స్వరాన్ని మెదడే పూరించుకుంటుంది.

సరిచేసే ఈక్యూ వేశాక పాట ఇంకా పాడైంది

హెడ్‌ఫోన్ వంకరను సరిచేసే ఈక్యూలు (బేస్, ట్రెబుల్ లాంటివి పెంచి తగ్గించే సాధనాలు) ఉన్నాయి. విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ ఉచితం. మంచివే, నేనూ వాడతాను. కానీ అది వినడానికి మాత్రమే. దాన్ని ప్లగిన్‌గా మాస్టర్ ట్రాక్ మీద పెట్టి, ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఆపడం మరిచిపోతే నా హెడ్‌ఫోన్‌కు వేసిన మందు ఊరందరి స్పీకర్లకూ పోతుంది. ఒకసారి అలాగే పంపాను. అందుకే ఇప్పుడు సాఫ్ట్‌వేర్ బయట, సిస్టమ్ మీదే పెడుతున్నాను. ఇంకోటి, ల్యాప్‌టాప్‌తో వచ్చే డాల్బీ, సౌండ్ ఎన్‌హాన్స్‌మెంట్ లాంటివి ఆన్‌లో ఉన్నాయేమో చూసి ఆపేయండి.

ఆ చెక్కభజన పాట సంగతి చెప్పలేదు కదా. తెలిసిన మూడు పాటలు పక్కన పెట్టుకుని, డప్పు 3 డెసిబెల్స్ పెంచి, మోనోలో ఒకసారి విని పంపాను. నా చెవికి డప్పు ఎక్కువే అనిపించింది. సాయంత్రం ఆయన ఫోన్ చేశాడు.

"ఇప్పుడు డప్పు డప్పు మాదిరి ఉంది అబ్బీ. ఆ చెక్కలేంది, చెవులో కొడతాండాయి?"