జోవాంథిడ్‌లు పెంచాలంటే ముందు నీళ్ళు చూడండి

భీమవరంలో ఒక ఆక్వా ల్యాబ్‌లో పదకొండేళ్ళుగా నీళ్ళ పరీక్షలు చేస్తున్నాను. పొద్దున ఆరింటికల్లా రొయ్యల రైతులు చెరువు నీళ్ళు సీసాల్లో పట్టుకొస్తారు. పీహెచ్, ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా ఆపే గుణం), హార్డ్‌నెస్, అమ్మోనియా చూసి రాసిస్తాం. ఇంట్లో నాకు రెండడుగుల గాజు తొట్టి ఉంది. అందులో నూరు లీటర్ల ఉప్పునీళ్ళు, ఆ నీళ్ళలో జోవాంథిడ్‌లు. పెంచేవాళ్ళంతా జోవాలు అంటారు. రాయి మీద చాపలా పరుచుకుని, ఒక్కొక్కటి చొక్కా గుండీ అంత వెడల్పున విచ్చుకుంటుంది. మా అత్తయ్యగారు వాటిని గడ్డిచామంతులు అంటారు. అవి పూలు కావు, జంతువులే. సముద్రపు ఎనిమోన్‌లకు చుట్టాలు. ఒంట్లో సూక్ష్మమైన ఆల్గేని పెట్టుకుని, అది ఎండలో తయారుచేసే తిండితో బతుకుతాయి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ముందు ఏ లైటు కొనాలని అడుగుతారు. నేను ఏ నీళ్ళు పోస్తున్నారని అడుగుతాను. మన గోదావరి జిల్లాల్లో ఇదే పెద్ద చిక్కు. కాలువ నీళ్ళలో పొలాల ఎరువులు, మందులు, చెరువుల మురుగు అన్నీ కలుస్తాయి. తీరం వైపు ఊళ్ళలో బోరు నీళ్ళే ఉప్పగా ఉంటాయి, ఆ ఉప్పు సముద్రపు ఉప్పులా ఉండదు. సముద్రం పక్కనే ఉంది కదా అని మొదట్లో నేను ఆగస్టులో పేరుపాలెం వెళ్ళి నాలుగు డబ్బాలు నింపుకొచ్చాను. ఇంటికొచ్చి చూస్తే సెలినిటీ, అంటే ఉప్పదనం, వెయ్యికి 22 పాళ్ళే. అది గోదావరి ఎర్రనీళ్ళు సముద్రంలోకి దిగే కాలం. జోవాలకు కావలసింది 35. ఆ నీళ్ళు పారబోశాను.

ఇప్పుడు ఆర్వో నీళ్ళను, మిగిలిన ఖనిజాలనూ పట్టేసే డీఐ రెసిన్ గుండా పంపి, టీడీఎస్ (నీళ్ళలో కరిగినవాటి లెక్క) సున్నా వచ్చాక రీఫ్ సాల్ట్, అంటే పగడాల తొట్టెల కోసం అమ్మే ఉప్పు, కలుపుతున్నాను. లీటరుకు 35 నుంచి 38 గ్రాములు పడుతుంది. చెరువులో వేసే కళ్ళుప్పు పనికిరాదు. అందులో కాల్షియం, మెగ్నీషియం సముద్రంలో ఉండే పాళ్ళలో ఉండవు. వాటర్ ప్లాంట్ క్యాన్ నీళ్ళూ వద్దు, మిగిలిన కొద్దిపాటి ఖనిజాలే నెమ్మదిగా నాచు పెంచుతాయి. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ను సెలినిటీ 35 ఉన్న ప్రమాణ ద్రావణంతో సరిచూసుకోండి. చెరువుల్లో తక్కువ సెలినిటీకి వాడే మీటరు 35 దగ్గర తప్పు చూపించడం మా ల్యాబ్‌లోనే చూశాను.

ఆవిరైన నీటికి బదులు టీడీఎస్ సున్నా ఉన్న ఆ నీళ్ళే ఉప్పు కలపకుండా పోయాలి, ఉప్పునీళ్ళు కాదు. ఆవిరయ్యేది నీరే, ఉప్పు తొట్టిలోనే ఉండిపోతుంది. వేసవిలో ఫ్యాన్ పెడితే నా తొట్టిలో రోజుకు రెండు లీటర్లు తగ్గుతాయి. నాలుగు రోజులు మర్చిపోతే ఉప్పు ఎంత పెరుగుతుందో లెక్కేసుకోండి.

తొట్టి పెట్టాక నాలుగు నుంచి ఆరు వారాలు జోవా జోలికి పోకండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు రావాలి, గాజు మీద గోధుమరంగు పొర వచ్చి పోవాలి. నేను మూడో నెలలో మొదటి ముక్క పెట్టాను.

ఆ ముక్కను ఇంట్లో పెంచేవాళ్ళ దగ్గరే తీసుకోండి. సముద్రంలోంచి పగలగొట్టి తెచ్చిన రాయి కొనొద్దు. రాతి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి. జోవాలు రాతి పగడాలు కావు, కానీ అవి అంటుకున్న రాయి పగడమే అయ్యుండొచ్చు.

మాది కడియపులంక. నాన్న నర్సరీలో అంట్లు కట్టేవారు. కొత్త అంటును ఏనాడూ నేరుగా ఎండలో పెట్టలేదు. ముందు షేడ్ నెట్ కింద, తర్వాత నెట్ అంచున, చివరకు బయట. జోవాకూ అదే పద్ధతి. ముక్కను తొట్టి అడుగున పెట్టి, లైటు తీవ్రత మూడో వంతుకు తగ్గించి, రెండు మూడు వారాల్లో కొంచెం కొంచెంగా పెంచండి. మొక్కలకూ ఆల్గేకూ పనికొచ్చే వెలుతురును కొలిచే పార్ మీటర్ దొరికితే 80 నుంచి 120 మధ్య చాలు. మెడలు సాగదీసి పైకి లేస్తుంటే వెలుతురు చాలట్లేదు. రంగు వెలిసి రాయికి అతుక్కుపోయినట్టు ఉంటే ఎక్కువైంది. నీటి ఒరవడికి రెక్కలు మెల్లగా ఊగాలి, ఒక పక్కకు వాలిపోకూడదు.

ఇక నా చేతుల మీదుగా జరిగిన నష్టం చెబుతాను. మొదటి ఏడాది ఒక ఆకుపచ్చ గుత్తి రెండు రోజులు విచ్చుకోలేదు. ఆల్కలినిటీ చూస్తే 120 పీపీఎం. టెన్షన్ పడి, చెరువులో సోడా చల్లినట్టు ఒకే పూటలో 170కి తెచ్చాను. మర్నాటికి తక్కిన గుత్తులూ మూసుకున్నాయి. రెండు వారాల్లో సగం కరిగిపోయాయి. 120 వాటిని చంపేది కాదు. ఒక్క రోజులో యాభై పెరగడమే చంపింది. చెరువు వంద రోజుల పంట, అక్కడ తొందర ఉంటుంది. జోవాకు ఆ తొందర విషం. ఇప్పుడు 150 దగ్గర ఉంచుతాను, రోజుకు 18 పీపీఎంకు మించి మార్చను. వారానికి పది లీటర్లు మారుస్తాను, కొత్త నీళ్ళ సెలినిటీ, వేడి తొట్టి నీళ్ళతో సమానం చేశాకే పోస్తాను. కాల్షియం 420, మెగ్నీషియం 1300 పీపీఎం చుట్టూ ఉంటే సరిపోతుంది. రాతి పగడాల్లా ఇవి సున్నపు అస్థిపంజరం కట్టుకోవు కాబట్టి ఆ రెండింటి కోసం ఎక్కువ కంగారు అక్కర్లేదు. నైట్రేట్‌ను సున్నా చేయాలని మాత్రం చూడకండి. 5 నుంచి 15 పీపీఎం ఉన్నప్పుడే నా జోవాలకు రంగు నిండుగా ఉంది. తొట్టిలో చేపలుంటే వాటికి వేసే మేతే చాలు, జోవాలకు వేరే వేయక్కర్లేదు.

మూసుకున్న జోవాని చూస్తే ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది. ముందు వేడి, సెలినిటీ, ఆల్కలినిటీ కొలవండి. మూడూ మామూలుగా ఉంటే వారం పాటు ముట్టుకోకండి. చోటు మార్చిన ప్రతిసారీ అది మళ్ళీ మొదటినుంచి అలవాటు పడాలి.

వేడి 25, 26 డిగ్రీల దగ్గర ఉండాలి. మే నెలలో మన గదుల్లో నీళ్ళు 31 దాటిపోతాయి. ఫ్యాన్ గాలి రెండు డిగ్రీలు దించుతుంది, కానీ ఇక్కడి ఉక్కపోతలో నీళ్ళు త్వరగా ఆవిరి కావు, అందుకే చల్లదనం అంతకు మించి రాదు. చిల్లర్ కొనలేనివాళ్ళు తొట్టిని ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గదిలో పెట్టండి. కరెంటు పోతే ముందు ఇన్వర్టర్ మీద ఉండాల్సింది లైటు కాదు, నీళ్ళు తిప్పే పంపు. తెల్లవారుజామున ఏరియేటర్ ఆగితే చెరువులో ఏమవుతుందో మన దగ్గర చిన్నపిల్లలకూ తెలుసు. తొట్టిలోనూ అదే.

చెరువు పని చేసేవాళ్ళకు ఇంకో మాట. మైలుతుత్తం (రాగి సల్ఫేట్) కలిపిన బకెట్ తొట్టి దగ్గరికి రానివ్వకండి. రాగి కొంచెం చాలు, జోవాలకూ నత్తలకూ ముప్పు. గదిలో దోమల స్ప్రే కూడా కొట్టను. ఎయిర్ పంపు ఆ గాలినే నీళ్ళలోకి పంపుతుంది.

ఇది మాత్రం అశ్రద్ధ చేయకండి. జోవాల్లో, ముఖ్యంగా వాటి దగ్గరి జాతి పాలిథోవాలో, పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉండొచ్చు. దాన్ని 1971లో హవాయి పాలిథోవాల నుంచి వేరుచేశారు. జోవాలున్న రాయిని ఎప్పుడూ ఉడకబెట్టకండి, వేడినీళ్ళతో కడగకండి, ఓవెన్‌లో పెట్టకండి. ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలు ఉన్నాయి. కోసేటప్పుడు గ్లౌజులు, కళ్ళద్దాలు తప్పనిసరి, చేతికి గాయం ఉంటే ఆ రోజు పని మానేయండి. ఆయాసం, జ్వరం, ఒళ్ళునొప్పులు వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళి, పాలిటాక్సిన్ అని పేరు పెట్టి చెప్పండి.

కొత్త ముక్క వస్తే అయోడిన్ డిప్‌లో (పురుగులు పోవడానికి కాసేపు ముంచే మందు నీళ్ళలో) ముంచి, భూతద్దంతో అడుగు భాగం చూడండి. జోవాలను తినే నూడిబ్రాంక్‌లు (పెంకు లేని సముద్రపు నత్తలు) జోవాల రంగే పులుముకుని కనిపించకుండా ఉంటాయి. డిప్ ఆ నత్తల గుడ్లను చంపదు. గుడ్లను గీకేసి, వారం తర్వాత మళ్ళీ ముంచాలి.

పిలకలు వేరుచేయడానికి గుత్తి రాయిని నిండుగా కప్పేదాకా ఆగండి. పాలిప్‌ల (ఒక్కొక్క జోవా తలల) మధ్య ఉండే చాపను పదును బ్లేడుతో కోసి, మూడు నాలుగు తలలున్న ముక్కను జెల్ సూపర్‌గ్లూతో చిన్న రాయికి అతికించండి. అంచున కొత్త మొగ్గ పొడిచాకే ఇంకొకరికివ్వండి. కవర్లో మీ తొట్టి నీళ్ళే పోసి, చేపల మార్కెట్లో దొరికే థర్మోకోల్ పెట్టెలో పెట్టి, పొద్దున్నే పంపండి. మీ సెలినిటీ, ఆల్కలినిటీ ఎంతో ఒక చీటీ మీద రాసి పెట్టె మూత లోపల అంటించండి.